బోరు చేయించిన పాత బుల్లెట్టు – మొదటి 800 కిలోమీటర్ల జాగ్రత్తలు

మన గ్రామములలో తండ్రులనాటి బుల్లెట్టు బండ్లు నేటికిని తిరుగుచున్నవి. 1955లో మద్రాసులో వీటి కూర్పు ప్రారంభమైనది. పోత ఇనుప సిలిండరు గల ఆ పాత ఇంజను అరిగినపుడు బోరు చేయించి, క్రొత్త పిస్టను, రింగులు వేయించినచో మరల చాలకాలము పనిచేయును. కాని షెడ్డునుండి తెచ్చిన కొలది దినములకే ఇంజను పట్టుకొనిపోయి, పెట్టిన సొమ్ము వృథా యగుట కద్దు. సొమ్ముతో పోయిన మేలే. పరుగెత్తు బండి వెనుక చక్రము ఒక్కసారిగా బిగిసినచో ప్రాణమునకే ముప్పు.

నాకు జరిగిన సంగతియే చెప్పెదను. ఉద్యోగములో చేరిన క్రొత్తలో మా నాయనగారి బండికి బోరు చేయించితిని. "నలభై దాటనీయకండి సార్" అని మేస్త్రి హెచ్చరించెను. ఆ మాట తు.చ. తప్పక పాటించితిని. వెనుక ఒక మిత్రుడు, అతని ఒడిలో చోడి విత్తనముల సంచి. శృంగవరపుకోట నుండి అనంతగిరి ఘాటు ఎక్కుచు, నలభై లోపుననే, నాలుగవ గేరులోనే బండిని లాగించితిని. సగము ఎక్కుసరికి ఇంజను పట్టుకొని చక్రము బిగిసినది. కొండవైపు పడితిమి గనుక దెబ్బలతో బయటపడితిమి. వేగము తక్కువయే, మరి తప్పెక్కడ?

పట్టుకొనుటకు కారణము

పిస్టను అల్యూమినియముతో చేసినది. అదే వేడికి అల్యూమినియము పోత ఇనుముకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించును. పైగా మంట నేరుగా తగులునది పిస్టను తలకే. సిలిండరుకు బయటి గాలియైన తగులును. వేడి మితిమీరినపుడు రెండింటి నడుమ సందు పూడి, ఆయిలు పొర తెగి, అల్యూమినియము గోడకు అంటుకొనును. బోరు క్రొత్తదైనపుడు గోడ ఇంకను గరుకుగా నుండుటచే రాపిడి వేడి మరింత హెచ్చు.

కావున శత్రువు వేగము కాదు, వేడి. ఎత్తున పై గేరులో లాగించినపుడు యాక్సిలేటరు నిండుగా తెరచియుండును, మంట హెచ్చగును. ఇంజను తిరుగుడు తగ్గుటచే ఆయిలు పంపు తక్కువ పోయును, బండికి గాలియు తక్కువ తగులును. నేను చేసిన తప్పు ఇదియే.

బయలుదేరక పూర్వము

1. పిస్టను సందు, రింగుల కొసల నడుమ సందు గేజితో కొలిపించవలెను. కంటితో చూచి సరిపెట్టరాదు.
2. ఇంజను నడచుచుండగా, రాకర్లకు ఆయిలు తెచ్చు సన్నగొట్టపు బోల్టును కొంచెము వదులు చేయించవలెను. ఆయిలు ఊరనిచో వెంటనే ఇంజను ఆపవలెను.
3. కార్బురేటరు అతుకువద్ద గాలి పీల్చరాదు. పెట్రోలు పాలు తగ్గినకొలది వేడి హెచ్చును. ప్లగ్గు కొస తెల్లగా నున్నచో ఇది శంకించదగును. లేత కాఫీరంగు మంచిది.

రోడ్డుమీద

మొదటి 300 కిలోమీటర్లు గంటకు 45, తరువాత 800 వరకు 55 దాటకుండుట మేలు. ఒకే వేగమున పోక, కొంత హెచ్చించుచు, కొంత తగ్గించుచు నడుపవలెను. ఎత్తు రాగానే గేరు తగ్గించవలెను. వెనుక మనిషిని గాని, ఎరువు బస్తాను గాని ఎక్కించరాదు. ఇరువది కిలోమీటర్లకొకసారి ఆపి ఇంజను చల్లారనీయవలెను. మొదటి ఆయిలు 150 కిలోమీటర్లకు, మరల 500కు మార్చవలెను. రాలిన లోహపు పొడి దానితో పోవును.

రాజదూత్, యజ్డీ వంటి టూ స్ట్రోకు బండ్లలో ఆయిలు పెట్రోలుతోనే లోనికి పోవును. కావున దీర్ఘమైన పల్లములో యాక్సిలేటరు పూర్తిగా మూసి, గేరుమీదనే దిగరాదు.

ముందు సూచనలు

శక్తి హఠాత్తుగా తగ్గుట, బ్రేకు పట్టినట్లు బండి బరువెక్కుట, క్రొత్తగా గలగల శబ్దము వినిపించుట – వీనిలో ఏది కనిపించినను ముందుగా క్లచ్చి పట్టవలెను. క్రొత్త ఇంజనుపై పోవునంతకాలము రెండు వ్రేళ్లు క్లచ్చిమీదనే ఉండుట మంచిది. పిదప యాక్సిలేటరు మూసి, మెల్లగా ప్రక్కకు తీసి, అరగంట ఆగవలెను. వేడి సిలిండరుపై నీరు పోసినచో పగులును. బలవంతముగా కిక్కు కొట్టరాదు. చల్లారి ఇంజను తిరిగినను, సిలిండరు విప్పించి చూడక మరల నడుపరాదు.

క్రొత్త కోడెకు కాడి కట్టిన నాడే పొలమంతయు దున్నించు రైతు లేడు. ఆ ఓర్పునే ఇంజను యెడలను చూపినచో, బండియు నిలుచును, దాని నెక్కినవారును క్షేమముగా ఇల్లు చేరుదురు.