కంట్రోల్ దుకాణంలో పేదోని రుచికి చోటుందా?

ప్రభుత్వ సాయంతో పేదలు కూల్‌డ్రింకులు, చిరుతిళ్లు కొనుక్కోవచ్చా అన్నది అమెరికాలో పాత తగాదా. అక్కడ ఫుడ్ స్టాంపుల చట్టం 1964లో వచ్చింది. ఇప్పుడు దాన్ని స్నాప్ అంటున్నరు. కార్డులో డబ్బు పడుతుంది, దానితో సారా, సిగరెట్లు, వేడి వంటకాలు తప్ప తిండి సరుకు ఏదైనా కొనుక్కోవచ్చు. 2025లో నెబ్రాస్కా రాష్ట్రం సోడాలు, ఎనర్జీ డ్రింకులు కొనకుండా ఆపడానికి అందరికన్నా ముందు కేంద్ర అనుమతి తెచ్చుకుంది.

అమ్రాబాద్‌లో ఈ తగాదా పుట్టనే పుట్టదు. ఇక్కడ కార్డు మీద డబ్బు రాదు, బియ్యం వస్తయి. ఏం తినాలో సర్కారే తేల్చింది.

ఈ గుట్టల మీద మాల, మాదిగ ఇండ్లల్ల జొన్న గటక, అంబలి తిండి. వరన్నం పండుగ నాటి ముచ్చట. చెంచులకు అడవి గడ్డలు, పండ్లు, తేనె, వేట. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు అది కడుపు నింపడమే కాదు, దొరల ఇంటి అన్నం వాడకు నడిచొచ్చినట్టయింది. కంట్రోల్ బియ్యాన్ని ఎక్కసం చేసేటోళ్లలో ఆకలి ఎరిగినోళ్లు తక్కువ.

అయితే బియ్యం వెంట అప్పుడప్పుడు వేరే సరుకులు వచ్చినా, అసలు సరుకు బియ్యమే. 2013 ఆహార భద్రత చట్టంలో ముతక ధాన్యాలు కిలో రూపాయికి ఇవ్వొచ్చని రాసుంది. దుకాణంలో మాత్రం ముఖ్యంగా బియ్యమే. 1990లలో జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ద్వారా బీడు భూముల్లో జొన్న పండించి, ఊర్లోనే నిల్వ చేసి, పేదిండ్లకు తక్కువ ధరకు పంచిన్రు. అంటే కాని పని కాదు. చెంచుల సంగతి ఇంకా కష్టం. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. పళ్లెంలోంచి మాంసం తీసేసి, బదులు మరపట్టిన తెల్ల బియ్యం పోసిన్రు.

ఆ ఖాళీలోకే అయిదు రూపాయల ప్యాకెట్ దూరుతుంది. పప్పు, గుడ్డు, పాలు ఆ ధరకు దొరకవు. పిల్ల ఏడిస్తే తల్లి దేనికి చెయ్యి చాపాలె?

ప్యాకెట్ మంచిదని అనడం లేదు. ఉప్పు, నూనె, చక్కెర ఒంటికి చేసే చెరుపు తెలిసిందే. కాని ఏది మంచి తిండో తీర్పు చెప్పే అధికారం మనదేశంలో ఎవరి చేతిలో ఉంటుందో కూడా తెలిసిందే. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు వద్దన్నడు. అదే ఏడు తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ గుడ్డు, పాలతో భోజనం మొదలైంది. గుడ్డు ఒకటే, జాబితా రాసిన చెయ్యి వేరు. నిషేధాల జాబితా సోడాతో మొదలై గొడ్డు మాంసం దాకా పోదని పూచీ ఎవరిస్తరు?

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పథకం మొదలుపెట్టిన్రు, మనిషికి ఆరు కిలోలు. దొడ్డు బియ్యం తినలేక జనం అమ్ముకుంటున్నరని సర్కారే ఒప్పుకున్నట్టు. పేదోనికీ రుచి ఉంటదని ఒప్పుకున్నంక, ఆరు కిలోల్లో రెండు కిలోలు జొన్నలో, సజ్జలో, కందిపప్పో అడిగి తీసుకునే వీలు కార్డులో ఎందుకు ఉండకూడదు? అమ్రాబాద్ దుకాణంలో ముందు అడగాల్సింది ఇది. ప్యాకెట్ల సంగతి దాని తర్వాత.