బల్ల మీదే రాసి ఉంది

మా ఎడిటర్‌గారికి కావలసిన కథ వేరు. "మీ ఊరి నుంచి కౌలాలంపూర్‌కి విమానం మొదలైందట కదా. అక్కడికి గంట దూరంలో కొండ మీద క్యాసినో ఊరుంది. పొద్దున ఎక్కి రాత్రికి దిగిపోవచ్చు. చూసి రాయండి. మనవాళ్లెవరైనా లక్షలు తగలేస్తూ కనబడితే మరీ మంచిది. బుధవారానికి కాపీ నా బల్ల మీద ఉండాలి" అన్నారు. ఆయన మనసులో ఏముందో తెలుస్తూనే ఉంది. 2022 సంక్రాంతికి గుడివాడలో రేగిన క్యాసినో గొడవ, అదే ఏడాది జులైలో నేపాల్ జూద యాత్రల మీద హైదరాబాద్‌లో ఈడీ సోదాలు, 2023 మేలో పట్టాయా హోటల్లో పోలీసులకు చిక్కిన ఎనభైమందికి పైగా భారతీయులు. ప్రత్యేక విమానాలు, సూట్‌కేసులు, సినిమావాళ్లు.

నేనుండేది పోర్ట్‌బ్లెయిర్‌లో, మిన్నీ బేలో. ఇటు నౌకాదళం క్వార్టర్లు, అటు జంగ్లీఘాట్ చేపల రేవు. సూట్‌కేసు నిండా డబ్బున్న మనిషి మా వీధిలో లేడు. నాతో వస్తానన్నది ఒక్కడే, మా వెనకింటి మావ. భీమిలి పక్క పల్లె నుంచి కుర్రతనంలోనే ద్వీపానికి వచ్చి, రేవులో ఐసు అమ్మి, ఇప్పుడు మానేశాడు. "ఇంట్లో రెండొందల రింగిట్లకి ఒప్పుకున్నారు అల్లుడూ. అంతకి మించి పోతే నన్ను అక్కడే ఒగ్గీసి రా" అన్నాడు.

ఆ విమానం సంగతి కొంచెం చెప్పాలి. 2024 నవంబరు 16న ఎయిర్ ఏషియా విమానం కౌలాలంపూర్ నుంచి వీర్ సావర్కర్ విమానాశ్రయంలో దిగింది. అండమాన్‌కి అదే మొదటి అంతర్జాతీయ సర్వీసు. అంతకు రెండు నెలల ముందే ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. ఇళ్లల్లో మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిరే. మ్యాపు పరిచి కొలిస్తే మాకు చెన్నై ఎంత దూరమో కౌలాలంపూరూ ఇంచుమించు అంతే, 1,400 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇన్నాళ్లూ అక్కడికి పోవాలంటే మేము పడమరకి పోయి, చెన్నైలోనో కోల్‌కతాలోనో విమానం మారి, మా నెత్తి మీదుగా మళ్లీ తూర్పుకి వచ్చేవాళ్లం. గడియారం ఒక్కటే పేచీ. ఐదున్నరకే ఎండ మొహాన కొట్టే ఊరివాళ్లం మేము. కౌలాలంపూర్‌లో ఏడైనా చీకటి వదలదు. మావ హోటల్ కిటికీ తెర లాగి చూసి, "ఈళ్ల సూర్యుడు ఆలీసంగా డ్యూటీకొస్తాడేటి" అన్నాడు.

కేఎల్ సెంట్రల్ నుంచి బస్సు, అవానా దగ్గర దిగి తీగబండి. 2.8 కిలోమీటర్ల తీగ, పది నిమిషాల ప్రయాణం. కింద అడవి, మధ్యలో మబ్బు, ఆ మబ్బు చీలగానే ఊరంత భవనాల గుంపు. సముద్ర మట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున, చలిలో, గెంటింగ్ హైలాండ్స్. మలేషియా మొత్తానికి లైసెన్సున్న క్యాసినో కొండ ఇదొక్కటే.

నేను ఊహించుకున్న మనుషులు అక్కడ లేరు. పిల్లల్ని భుజాన ఎత్తుకున్న నాన్నలు, నూడుల్స్ దగ్గర వరసలు, చలికి చీర మీద స్వెట్టర్ వేసుకున్న అమ్మమ్మలు. క్యాసినో ఆ సందడికి పక్కగా, ఒక గుమ్మం వెనక ఉంది. గుమ్మం దగ్గర నోటీసు: ముస్లింలకు ప్రవేశం లేదు, 21 ఏళ్లు నిండనివారికి ప్రవేశం లేదు. దేశంలో ఎక్కువమందికి ద్వారం మూసిన ఇంటికి ఆ దేశమే లైసెన్సు ఇచ్చింది. ఫొటోలు తీయకూడదు. ముఖచిత్రం తీగబండిదే కావడానికి కారణం అది. ఎడిటర్‌గారు ఇంకా అలకలోనే ఉన్నారు.

లోపల మావ బకారా బల్లలు దాటాడు, రౌలెట్ దాటాడు, ఒక పొడుగాటి బల్ల దగ్గర ఆగిపోయాడు. గాజు బుడ్డి కింద మూడు పాచికలు. బుడ్డి గడగడలాడింది, మూత తీశారు, బల్ల మీద గెలిచిన గళ్లు కింద నుంచి దీపాలతో వెలిగాయి. తాయ్ సాయ్ అంటారు దాన్ని, సిక్ బో అని కూడా. మావ మొహం వెలిగింది.

"ఇది గుండాటేరా!"

మావ అన్న ఒకప్పుడు సంక్రాంతి తీర్థాల్లో గుండాట బల్ల పెట్టేవాడట. ఆరు గుర్తుల గుడ్డ, పాచికలు, డబ్బా. ఎవరైనా పోలీసులు వస్తున్నారేమో చూడటం తమ్ముడి పని. పండగ మూడు రోజులు కాపలా కాసినవాడికి ఆట ఎవరివైపు మొగ్గుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను గుంపుని చూస్తూంటే మావ బల్లని చదువుతున్నాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం, చైనా అక్షరాలు అసలే రావు. అంకెలు చాలు.

ఈ వ్యాసం రాయడానికి కూర్చుంటే నా దగ్గర మిగిలిన అసలు పత్రం ఆ బల్ల గుడ్డే. తీగబండి టిక్కెట్టు వెనక గళ్లు గీసి తెచ్చుకున్నాను. లెక్క ఇది. మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. మొత్తం 4 నుంచి 10 లోపు వస్తే 'చిన్న', 11 నుంచి 17 లోపు వస్తే 'పెద్ద'. దేనికి కాసినా గెలిస్తే రూపాయికి రూపాయి. బొమ్మా బొరుసూ వేసినట్టే కనిపిస్తుంది. కానీ ఆ గడిలోనే కింద చిన్న అక్షరాల్లో మరో మాట ఉంటుంది: మూడు పాచికలూ ఒకే అంకె చూపిస్తే ఈ పందెం పోయినట్టే. అలా పడేవి 216లో 6. మిగిలిన 210లో చిన్నకి 105, పెద్దకి 105. అంటే ఏది కాసినా 105 సార్లు గెలుపు, 111 సార్లు ఓటమి. తేడా ఆరు. నూటికి 2.78 చొప్పున ఇంటివాడి, అంటే క్యాసినో, వాటా. ఆ కొండ మీద వెలిగే దీపాలకి నూనె పోసేవాటిలో ఆ ఆరూ ఉన్నాయి.

అసలు ఆశ ఉన్నది బల్ల నడిమి గళ్లలో. మూడు పాచికల మీదా ఫలానా అంకే పడుతుందని కాస్తే ఒకటికి 150 ఇచ్చే బల్లలుంటాయి, 180 ఇచ్చేవీ ఉంటాయి. వినడానికి ఎంత ఘనంగా ఉంది! న్యాయంగా ఇవ్వాల్సింది 215. 150 ఇచ్చేచోట కాసిన ప్రతి వందలో సగటున ముప్ఫై ఇంటివాడికే. అంకె పెద్దదయ్యేకొద్దీ కోత లోతు. దాచిందేమీ లేదు. ఎంత ఇస్తారో గడిగడిలోనూ అచ్చేసి ఉంది, ఎంత ఇవ్వాలో లెక్కకట్టడానికి పదో తరగతి చదువు చాలు. మోసం లేని జూదం ఎలా ఉంటుందో చూడాలంటే ఈ గుడ్డ చూడాలి. నాకు జూదమంటే సరిపడదు, ఆ సంగతి ముందే ఒప్పుకుంటాను. కానీ ఆ గుడ్డ మీద మాత్రం గౌరవం కలిగింది. తన కోతని అంగుళాల లెక్కన అచ్చేసి మన ముందు పరిచే వ్యాపారం ఇంకేదైనా ఉందా? చిట్‌ఫండ్ కరపత్రం చేస్తుందా ఆ పని?

తీర్థంలో గుండాట దీనికంటే దుర్మార్గం. ఆడించేవాడిని బట్టి పాచికల లెక్క మారుతుంది. మూడు పాచికలతో, ఒక గుర్తు పడితే ఒకటికి ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు ఇచ్చే పద్ధతిలో చూస్తే 216లో 125 సార్లు కాసిన గుర్తు అసలు పడదు. 75 సార్లు ఒకటి, 15 సార్లు రెండు, ఒక్కసారి మూడు. కూడితే 108 వస్తాయి, 125 పోతాయి. వాటా నూటికి దాదాపు 7.9. ఈ లెక్క చెబితే మావ నవ్వాడు. "మా అన్న లెక్కలు సదివినోడు కాడు. పండగెల్లాక డబ్బాలో మిగిలింది సూసుకునీవోడు. ఈడు అదే డబ్బాకి ఏసీ పెట్టీసినాడు."

ఆ తర్వాత పందెం కాశాడు కూడా. నడిమి గళ్ల జోలికి పోలేదు. చిన్న, పెద్ద, చిన్న, చిన్న. రెండొందలతో కూర్చున్నవాడు నూట నలభైతో లేచాడు. అరవై పోయినందుకు బాధేమీ లేదు, టీ తాగాలన్నాడు.

బకారా బల్లల దగ్గర కనబడింది రెండో కాగితం. క్యాసినోవాళ్లే ఉచితంగా ఇస్తారు, పక్కన పెన్ను కూడా. సన్నటి గళ్లు అచ్చేసిన చీటీ. ప్రతి ఆటకీ ఎవరు గెలిచారో, బ్యాంకరో ప్లేయరో, ఆ గళ్లలో సున్నాలు చుట్టుకుంటూ పోతారు. బల్ల కొసన తెర మీద అదే చరిత్ర రంగురంగుల చుక్కల్లో కనిపిస్తూనే ఉంటుంది. అయినా చేత్తో రాసుకుంటారు. అక్కడే మన భాష వినబడింది. కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక గోదావరి కుర్రాడు చీటీ చూపించాడు. "చూడండన్నా, వరసగా ఐదు బ్యాంకర్ పడ్డాయి. ఇప్పుడు ప్లేయర్ రావాలి." పక్క కుర్చీలో ఒక చైనా పెద్దావిడ. ఆమె చీటీలోనూ అవే ఐదు సున్నాలు. ఆమె చిప్స్ అన్నీ బ్యాంకర్ మీదే పెట్టింది, ఊపు మీద ఉంది కాబట్టి ఇంకా వస్తుందని. ఒకే కాగితం, రెండు జోస్యాలు. ఆ ఆట టై పడింది. ఇద్దరి చిప్స్ ఎక్కడివక్కడే ఉండిపోయాయి, ఇద్దరూ తలూపుతూ చీటీలో గుర్తు పెట్టుకున్నారు.

బకారాలో బ్యాంకర్ మీద కాస్తే ఇంటివాడి వాటా నూటికి 1.06, ప్లేయర్ మీద 1.24, టై మీద 14కి పైనే. గడిచిన ఐదు ఆటలకీ వచ్చే ఆటకీ ఉన్న సంబంధం నామమాత్రం. అయినా చీటీలూ పెన్నులూ ఎందుకు పంచుతున్నారు? ఇంటివాడు అచ్చేసిన లెక్క ఎవరూ చదవరు, మనం రాసుకున్న లెక్క మాత్రం నమ్ముతాం, ఈ సంగతి వాళ్లకి తెలుసు. చీటీ నిండేదాకా మనిషి కుర్చీ వదలడు. నూటికి రెండున్నర, మూడు అంటే చిన్న కోతే. తాయ్ సాయ్‌లో ఇరవై రింగిట్ల చొప్పున గంటకి నలభై ఆటలు ఆడితే కాసింది 800, సగటున పోయేది 22. సినిమా టిక్కెట్టంత. కానీ ఇరవై దగ్గర ఆగేది ఎవరు? ఆ గోదావరి కుర్రాడు మేం వెళ్లేటప్పటికి వందల్లో ఉన్నాడు. చీటీ రెండోవైపు తిప్పాడు.

ఇక చరిత్ర, జాగా ఎంతో లేదు కాబట్టి గబగబా. ఈ కొండ ఊరు కట్టించిన లిమ్ గో తోంగ్ 1918లో చైనాలోని ఫుజియెన్‌లో పుట్టి, 1937లో మలయా చేరి, కాంట్రాక్టరయ్యాడు. కామెరాన్ హైలాండ్స్‌లో జలవిద్యుత్ పని చేస్తూ, చల్లటి కొండ రాజధానికి దగ్గర్లోనే ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాడు. 1965లో అడవి కొట్టి రోడ్డు మొదలుపెట్టాడు. పహాంగ్ ప్రభుత్వం నుంచి 12,000 ఎకరాలు, సెలాంగోర్ నుంచి 2,800 ఎకరాలు సంపాదించాడు. 1969లో ప్రధాని టుంకు అబ్దుల్ రహ్మాన్ హోటల్‌కి శంకుస్థాపన చేశారు, క్యాసినో లైసెన్సు దారీ తెరుచుకుంది. 1971లో హోటల్ తెరిచారు. ఇప్పుడక్కడి ఫస్ట్ వరల్డ్ హోటల్‌లో 7,351 గదులు. గదుల లెక్కన ప్రపంచంలోనే పెద్దదని గిన్నిస్‌ గుర్తింపు. ఆయన 2007లో పోయాడు.

దిగేటప్పుడు తీగబండి మధ్యలో ఆగే స్టేషన్‌లో దిగాం. చిన్ స్వీ గుడి. లిమ్ తన సొంతూరి దేవుడికి నిటారు రాతి కొండ మీద కట్టించింది. పూర్తి కావడానికి 18 ఏళ్లు పట్టింది. గుడి ఆవరణలో చైనా నరకం పది గదులుగా శిల్పాల్లో ఉంది. రంపపు కోతలు, సలసల కాగే గంగాళాలు, పుస్తకం తెరిచి పాపాల లెక్క చూస్తున్న అధికారులు. చిత్రగుప్తుడి ఆఫీసు శాఖ ఒకటి ఇక్కడా ఉందన్నమాట. పైన క్యాసినో, దారిలో నరకం, రెండూ ఒకే ఆసామి కట్టించినవి. మావ ప్రతి గది ముందూ ఆగి, ఏ పాపానికి ఏ శిక్షో నన్ను అడిగాడు. పేకాటకి ఏదని మాత్రం అడగలేదు.

కొండ కింద మనవాళ్లు

మలేషియాకి తెలుగువాళ్లు వెళ్లింది జూదానికి కాదు, రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో కూలికి. పేరాక్‌లోని బాగన్ దాతో ప్రాంతం వాళ్ల పాత పట్టు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో జరిగింది కౌలాలంపూర్‌లోనే. అండమాన్‌లోనూ మనవాళ్లు తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల్లో ద్వీపాల జనంలో 13 శాతం పైచిలుకు మాతృభాష తెలుగు.

వెళ్లేవాళ్లకి

భారతీయులకు 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల దాకా వీసా అక్కర్లేకుండా మలేషియా అనుమతిస్తోంది. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. గడియారం రెండున్నర గంటలు ముందుకి తిప్పుకోవాలి. కొండ మీద చలి, స్వెట్టర్ తప్పనిసరి. క్యాసినోలోకి పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, హోటల్లో వదిలేసి రాకండి.

గెలిస్తే ఏమవుతుంది

లాటరీ టిక్కెట్లకు, స్వీప్‌స్టేక్స్‌ లాంటివాటికి విదేశాలకు డబ్బు పంపడం ఫెమా కింద 2000లో వచ్చిన నిబంధనల్లో నిషేధిత జాబితాలో ఉంది. ప్రయాణానికి నోట్ల రూపంలో తీసుకెళ్లగలిగేది మామూలుగా 3,000 డాలర్ల దాకా. జూదంలో గెలిచిన సొమ్ము ఏ దేశంలో గెలిచినా, మన దేశంలో నివాసి అయితే, 30 శాతం పన్ను, పైన సెస్సు. అదే బల్ల మీద అంతకుముందు పోగొట్టుకున్నది అందులోంచి తీసేసి చూపించడానికి వీల్లేదు. ఇది విన్నాక మావ కాసేపు లెక్క వేసుకున్నాడు. "అయితే అల్లుడూ, నేను పోగొట్టుకున్న అరవైకి ఎవుడికీ ఏటీ కట్టక్కర్లేదన్నమాట" అని తేల్చాడు.