కరగగా మిగిలిన కొండలు

పొగమంచు పట్టిన ఉదయాల్లో హాలాంగ్ కొండలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. ముందు వరస నల్లగా, దాని వెనకది బూడిద రంగులో, ఆ వెనకది ఆకాశంలో కలిసిపోయేంత పలచగా. పడవ కదిలేకొద్దీ వరసలు విడివడతాయి. ఒకే కొండ అనుకున్నది రెండై, నడుమ ఆకుపచ్చని నీటి దారి తెరుచుకుంటుంది. ఉత్తర వియత్నాంలో, టోంకిన్ సింధుశాఖ అంచున ఉన్న ఈ అఖాతంలో సున్నపురాతి ద్వీపాలు దాదాపు రెండు వేలు. లెక్కకట్టినవాళ్లు 1,969 అంటారు. చాలావాటి మీద మనిషి నిలబడేందుకు చారెడు చదును నేల ఉండదు. నిట్టనిలువు గోడలు, వాటి పగుళ్లలోకి వేళ్లు దించుకుని బతికే చెట్లు, అంతే.

శత్రువులు సముద్రం మీదుగా దండెత్తి వచ్చినప్పుడు తల్లి డ్రాగన్ పిల్లలతో సహా ఆకాశం నుంచి దిగివచ్చి నోట ముత్యాలు కురిపించిందనీ, అవి నీటిని తాకగానే కొండలై ఓడలకు అడ్డం నిలిచాయనీ అక్కడివారు చెప్పుకుంటారు. యుద్ధం ముగిశాక కూడా ఆ తల్లీబిడ్డలు వెనక్కి వెళ్లలేదట. ఈ కథ నాకు ఇష్టమే. కానీ రాయి చెప్పే కథ ఇంకా అద్భుతం.

ఈ రాయి పుట్టింది సముద్రం అడుగునే. పాతిక కోట్ల ఏళ్లకు ముందు, వెచ్చని లోతులేని సముద్రంలో బతికిన జీవుల గుల్లలు పొరలుగా పేరుకుని, వెయ్యి మీటర్లకు మించిన మందాన గట్టిపడ్డాయి. ఆ నేల పైకి లేచాక వాన తన పని మొదలుపెట్టింది. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాననీరు పలచని ఆమ్లమవుతుంది. అది సందుల్లోకి దిగి సున్నాన్ని కొంచెం కొంచెంగా కరిగించుకుపోయింది. సందులు లోయలయ్యాయి, కరగగా మిగిలినవి శిఖరాలయ్యాయి. చివరి మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగాక ఉప్పునీరు ఆ లోయల్లోకి వచ్చి చేరింది. ఇప్పుడు పడవలు తిరుగుతున్నది మునిగిపోయిన లోయల మీద.

ఆ పని ఇంకా ఆగలేదు. నీటిని తాకేచోట ప్రతి ద్వీపానికీ మొదలు లోపలికి తొలిచినట్టుంటుంది. ఆటుపోట్ల నీరు, రాయిని గీకి తినే చిన్న ప్రాణులు కలిసి తొలిచిన గాడి అది. చిన్న దిమ్మలైతే పుట్టగొడుగుల్లా సన్నని కాడ మీద నిలబడి ఉంటాయి. ఇక గుహల్లోకి వెళితే నీరు తాను తీసుకున్నదాన్ని తిరిగి ఇస్తున్న దృశ్యం. బొర్రా గుహల్లో రాతి ఊడలు చూసినవారు ఇక్కడి సుంగ్ సోట్ గుహలో అదే పనితనం గుర్తుపడతారు. కరిగిన సున్నం బొట్టు బొట్టుగా మళ్లీ రాయిగా కూడుకుంటోంది.

ఈ అఖాతంలో రోజుకు ఒకటే పోటు, ఒకటే పాటు. మన కోస్తాలో రెండేసి. ఆ లెక్క తెలిసినవాళ్లు దాన్ని ఆయుధం చేసుకున్నారు. పక్కనే ఉన్న బాచ్ డాంగ్ నది అడుగున ఇనుప మొనల కొయ్యలు పాతి, పోటు మీద శత్రు నౌకల్ని లోపలికి రానిచ్చి, నీరు తీసేవేళ తిరగబడ్డారు. 938లో సేనాని న్గో క్వెన్, 1288లో కుబ్లాయ్ ఖాన్ నౌకాదళం మీద సేనాని ట్రాన్ హంగ్ డావో గెలిచింది ఇలాగే. ఆ కొయ్యల్ని దాచారని చెప్పే గుహను ఇప్పటికీ చూపిస్తారు. 1468లో ఇటువచ్చిన రాజు లే థాన్ టోంగ్ ఒక కొండ రాతి మీద తన కవిత చెక్కించాడు.

ఈ అఖాతంలో మనుషులు కాపురమూ ఉండేవారు. కువా వాన్ లాంటి పల్లెల్లో ఇళ్లు, బడి అన్నీ నీటి మీదే తేలేవి. 2014లో ఆ కుటుంబాల్ని ఒడ్డుకు తరలించారు. పిల్లల చదువు, తుపాను భయం, నీళ్లలో చేరే చెత్త వంటి కారణాలు కాదనలేనివి. అయినా ఏ గుట్ట చాటున ఏ కాలంలో ఏ చేప పడుతుందో తెలిసిన మనుషులు అక్కడ కాపురం లేకపోవడం నన్ను బాధిస్తుంది. వాళ్లు లేని హాలాంగ్ నాకు సగమే.

అందానికి 1994లో, భూస్వరూపాలకు 2000లో యునెస్కో గుర్తింపు దక్కింది. 2023లో పక్కనున్న కాట్ బా ద్వీపసమూహాన్నీ అందులో చేర్చారు. ఆ చేర్పు ఎంతో అవసరం. కాట్ బాలో పసుపు తల కోతులుంటాయి. నిట్టనిలువు రాతి గోడల మీద తిరిగి, గుహల్లో నిద్రపోతాయి. అప్పుడే పుట్టిన పిల్ల ఒళ్లంతా నారింజ రంగులో ఉంటుంది. వేటవల్ల తరిగిపోయి ఇప్పుడు వందకు లోపే మిగిలాయి, ప్రపంచంలో మరెక్కడా లేవు. మిగిలిన గుంపులు కూడా ఒకదాన్నొకటి కలుసుకోలేనంత దూరంగా చీలిపోయి ఉన్నాయి. అందుకే కాపలా కాసేవారికి అక్కడ పుట్టిన ప్రతి పిల్లా లెక్కే.