చిగుళ్లవ్యాధియందు క్రిమినాశకపు పుక్కిలింతల వినియోగము

భిలాయి ఉక్కు కర్మాగారమునందు మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ప్రారంభమైనది. ఆ కాలము మొదలు ఆంధ్రదేశమునుండి అనేక కుటుంబములు పనికై వచ్చి యచట స్థిరపడినవి. ఆ ప్రాంతమునందు పొగాకును బెల్లపు మడ్డితో కలిపిన గుడాఖు అను ముద్దను పండ్లకును చిగుళ్లకును రాచుకొను వాడుక స్త్రీపురుషుల యిరువురియందును కలదు. చిగుళ్లవ్యాధి నివారణకై యెట్టి ఏర్పాటు చేయదలచినను దీనిని లెక్కగొనక తప్పదు.

వ్యాధికి మూలము పంటి మొదట పేరుకొను పాచి. అది ఆహారశేషము మాత్రమే కాదు. సూక్ష్మక్రిములు జిగురుతో పెనవేసుకొని కట్టిన పొర. 1965లో డెన్మార్కునందు హరాల్డ్ లో అను దంతవైద్యుడును ఆయన సహచరులును ఆరోగ్యవంతులగు కొందఱచే పండ్లు తోముట మాన్పించి చూడగా, మూడు వారములలోపల అందఱి చిగుళ్లును వాచినవి. తోముట మరల ఆరంభింపగా ఇంచుమించు వారము దినములలో నెమ్మదించినవి. 1970లో లో, షియోట్ అనువారు 0.2 శాతపు క్లోర్‌హెక్సిడీన్ ద్రావకమును దినమునకు రెండు మారులు పుక్కిలించినచో, తోమకున్నను పాచి పట్టదని చూపిరి.

ఈ మందు పండ్లను, నోటి లోపలి పొరను అంటిపట్టుకొని గంటలకొలది మెల్లగా విడివడుచు పనిచేయును. మోతాదు 10 మిల్లీలీటర్లు. ఒక నిమిషము పుక్కిలించి యుమిసివేయవలెను. టూత్‌పేస్టులోని నురుగుపదార్థము దీని శక్తిని చెఱచును గనుక తోమిన యరగంట తరువాతనే వాడవలెను. వారములకొలది వాడినచో పండ్లకు గోధుమవర్ణపు మరకలు పట్టును, నాలుక రుచి మారును. తేనీరు ఆ మరకలను హెచ్చించును; అయినను కొలిమి పనివారిని తేనీరు మానుమనుట వ్యర్థము. వైద్యుడు చెప్పిన గడువు దాటి వాడకుండ చూచుటయే మేలు.

పుక్కిలింత చిగురు క్రింది లోతైన సందులకు చేరదు. గట్టిపడిన గారను కరగింపదు. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ మొదలగు క్రిములు ప్రాణవాయువు లేని యా సందులయందే వృద్ధినొందును. దంతవైద్యునిచే గార తీయించినగాని, ఎన్ని సీసాలు పంచినను ఫలము స్వల్పము.

పొగాకు వాడువారి విషయమున మఱియొక చిక్కు కలదు. పొగాకు చిగుళ్లనుండి రక్తము కారుటను తగ్గించును; కావున లోపల ఎముక కరగుచున్నను పైకి నెమ్మదిగా కనబడును. రక్తము లేదను మాటను బట్టి అట్టివారిని శిబిరమునుండి పంపివేయరాదు. తెల్లని లేక యెఱ్ఱని మచ్చగాని పుండుగాని రెండు వారములకు మానకున్నచో పుక్కిలింతతో కాలయాపన చేయక, కాన్సరు పరీక్షకై ఆసుపత్రికి పంపవలెను.