ఊక మీద పల్లాడియం

సారం లేని ప్రసంగాన్ని మనం ఊకదంపుడు అంటాం, ఎంత దంచినా అందులోంచి గింజ రాదు కనుక. రైస్ మిల్లువాళ్లు మాత్రం ఊకను ఎన్నడూ చులకన చేయలేదు. ఉప్పుడు బియ్యం వండే బాయిలరు కింద మండేది అదే. కొన్నేళ్లుగా రసాయన శాస్త్రజ్ఞులు దానికి మరో కొలువు చూస్తున్నారు: బంగారంలా తూచి వాడే లోహాలను వీపున మోసే పని.

ఈ కథ మొదలైంది ఊకతో కాదు, కుమ్మరి మట్టితో. 1823లో జర్మనీలోని యేనా ఊళ్లో డోబెరైనర్ అనే ఆచార్యుడు స్పాంజిలా గుల్లగా ఉన్న ప్లాటినం మీదికి హైడ్రోజన్ వాయువు వదిలాడు. నిప్పు తగలకుండానే మంట లేచింది. ప్లాటినం మాత్రం రవ్వంత కూడా తరగలేదు. అగ్గిపెట్టెలింకా రాని ఆ రోజుల్లో ఆయన దీన్ని దీపం వెలిగించే పరికరంగా మలిచాడు. తాను ఖర్చయిపోకుండా ఎదుటివాటి మధ్య చర్యను నడిపించే ఈ గుణానికి 1835లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ పేరు పెట్టాడు. అలాంటి పదార్థాన్నే మన పాఠ్యపుస్తకాలు ఉత్ప్రేరకం అంటాయి. దీపం సంగతి అందరూ రాశారు. అదే డోబెరైనర్ ప్లాటినాన్ని కుమ్మరి మట్టిలో కలిపి ఉండలు కట్టాడన్న సంగతి ఓ మూలన పడి ఉంది. నా మటుకు ఆ మట్టి ఉండే పెద్ద ఆవిష్కరణ. ఖరీదైన లోహాన్ని చవక సరుకు మీద పరచడమనే ఆలోచన అక్కడే కనిపిస్తుంది.

ఎందుకు పరచాలి? చర్య జరిగేది లోహం పైపొర మీదే. లోపలి పరమాణువులు ఊరికే కూర్చుంటాయి. సెంటీమీటరు పల్లాడియం ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ముక్కలుగా కోయగలిగితే 600 చదరపు మీటర్లవుతుంది, అంటే ఏడు వందల గజాల పైచిలుకు స్థలం! చిక్కేమిటంటే, ఇంత చిన్న రేణువులను వాటి మానాన వదిలితే ఒకదానికొకటి అతుక్కుని మళ్లీ ముద్దవుతాయి. దేన్నైనా ఆసరాగా ఇచ్చి విడివిడిగా నిలబెట్టాలి.

ఆ ఆసరాగా బొగ్గు ఎప్పుడో స్థిరపడింది. ఒళ్లంతా కంటికి కనపడని రంధ్రాలుండే బొగ్గుకు కొబ్బరి చిప్ప మంచి ముడిసరుకు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల ముసుగులకు అలాంటి బొగ్గే కావాల్సి వచ్చి, 1918లో అమెరికాలో ఇంటింటా పీచ్ పండ్ల టెంకలు పోగుచేయించారు. బొగ్గు మీద పల్లాడియం అద్దిన నల్లటి పొడి నేడు మందుల తయారీలో నిత్యావసరం.

1998లో పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ హరిత రసాయన శాస్త్రానికి 12 సూత్రాలు రాశారు. ఏడోది మళ్లీ మళ్లీ పండే ముడిసరుకు వాడమంటుంది, తొమ్మిదోది ఉత్ప్రేరకాలు వాడమంటుంది. రెండూ కలిసే చోట ఊక, చెరకు పిప్పి, వేరుశనగ తొక్కలు కనిపించాయి. ఆసరాల వేటలో మన హైదరాబాద్ పేరూ ఉంది: తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం బృందం పొరలుపొరలుగా ఉండే, మట్టిని పోలిన పదార్థం మీద నానో పల్లాడియాన్ని నిలిపి, మొండికేసే క్లోరో సమ్మేళనాలను కూడా లొంగదీసి 2002లో ప్రకటించింది.

వరి మొక్క నేలలోంచి సిలికాను పీల్చి ఊకలో దాచుకుంటుంది. చేతికి గరుకు తగిలేది అందుకే. మిగతాదంతా సెల్యులోజ్, లిగ్నిన్ వగైరా. వాటిలోని ఆక్సిజన్ కొక్కేల్లాంటిది, లోహపు అయాన్లను పట్టుకుంటుంది. ఊకను కడిగి, ఆరబెట్టి, లోహ లవణం కలిపిన నీళ్లలో నానబెట్టి, అయాన్లను లోహంగా మార్చే సోడియం బోరోహైడ్రైడ్ వేస్తే లోహపు రేణువులు అక్కడికక్కడే పుడతాయి. పరీక్ష కూడా చూడముచ్చటగా ఉంటుంది. పసుపుపచ్చని పారానైట్రోఫినాల్ ద్రావణంలో బోరోహైడ్రైడ్ ఒక్కటే వేస్తే రంగు పోదు. చిటికెడు ఉత్ప్రేరకం పడితే నిమిషాల్లో రంగు విరుగుతుంది. మిగిలేది పారా అమినోఫినాల్, పారాసెటమాల్ తయారీలో ఒక మెట్టు.

అయితే రంగు విరగ్గానే చప్పట్లు కొట్టకూడదు. పని చేసింది ఊక మీది లోహమా, ఊకను వదిలి నీళ్లలోకి జారిన లోహమా? దీన్ని తేల్చే పాత పద్ధతి వేడి మీద వడగట్టడం. చర్య సగంలో ఉండగా పొడిని తీసేస్తారు. మిగిలిన ద్రవంలో చర్య ఇంకా సాగితే లోహం కారిపోయినట్టే. చల్లారాక వడగడితే కారిన లోహం తిరిగి పొడికే అంటుకుని మోసం చేయొచ్చు.

ఎంత కొంచెం లోహం చాలో లెడ్‌బీటర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి అనుభవం చెబుతుంది. రెండు కర్బన అణువులను జతచేసే సుజుకీ చర్యకు మామూలుగా పల్లాడియం కావాలి; అసలు పల్లాడియమే లేకుండా అది నడిచిందని 2003లో ఆయన బృందం ప్రకటించింది. 2005లో తామే కారణం పట్టుకుని చెప్పారు: కొని తెచ్చిన సోడియం కార్బొనేటులో వంద కోట్ల పాళ్లకు 50 పాళ్ల పల్లాడియం ఉంది. చర్యను నడిపింది అదే.

చివరికి ఉత్ప్రేరకం అలసిపోతుంది. బొగ్గు మీది పల్లాడియాన్ని తిరిగి రాబట్టాలంటే బొగ్గును కాల్చేస్తారు, లోహం బూడిదలో దొరుకుతుంది. కొబ్బరి చిప్ప బొగ్గయితే బూడిద కొద్దిగానే మిగులుతుంది. ఊకను కాలిస్తే దాని బరువులో దాదాపు ఐదో వంతు సిలికా బూడిదగా నిలిచిపోతుంది. పల్లాడియాన్ని అందులోంచి ఏరుకోవాలి.