విస్మృతిపానము: ఒక ఐరిష్ గాథలోని వియోగశాంతి

విప్రలంభమున నాయకుని యున్మాదావస్థ మన యాలంకారికులకు సుపరిచితము. దానికి మంత్రౌషధములచేత శాంతి చేకూర్చిన కథ యొకటి ఐర్లండుదేశపుఁ బ్రాచీనవాఙ్మయమునఁ గలదు. "కూహులిన్ వ్యాధిశయ్య" యని దాని నామార్థము. క్రీ. శ. 1100 ప్రాంతమున లిఖింపఁబడిన "కపిలధేనుగ్రంథ"మను చర్మపత్రప్రతియం దది యున్నది. ఆ ప్రతి డబ్లిన్ నగరమున రాయల్ ఐరిష్ అకాడమీలో భద్రపఱుపఁబడినది. ఇది రెండు పాఠముల కలయిక. నాయకుని భార్య పూర్వభాగమున ఎథ్నె యనియు, నుత్తరభాగమున ఎమెర్ అనియుఁ బేర్కొనఁబడుట యిందులకు నిదర్శనము.

అల్స్టరు వీరుఁడగు కూహులిన్, సముద్రదేవుఁడగు మనన్నాన్ విడిచిన భార్యయైన ఫాండునొద్ద దివ్యలోకమున నొక మాసముండెను. పిదప వారు భూలోకమున నొక వృక్షముకడఁ గలిసికొన సంకేత మేర్పఱుచుకొనఁగా, ఎమెర్ యేఁబదుగురు స్త్రీలతోఁ గత్తులు పూని యచ్చటి కేతెంచెను. తుదకు ఫాండు మనన్నానుని వెంట నరిగెను. కూహులిన్ అన్నపానములు మాని కొండలఁబట్టి తిరుగఁజొచ్చెను. ఎమెర్ ప్రార్థింపఁగా రాజు కవులను, కళావిదులను, ద్రూయిడులను మాంత్రికులను బంపెను. వాఁడు వారిని జంపఁబూనెను. వారు మంత్రములు పఠించి, కాలుసేతులు పట్టి, విస్మృతిపానము నొసఁగిరి. అంతట ఫాండు స్మృతి తొలఁగెను. ఈర్ష్య నడఁచుటకై ఎమెరునకును నాపానమే యొసఁగిరి.

శాకుంతలమున మఱపు శాపము. ఉంగరము దాని ప్రతీకారము. ఇచ్చట మఱపే యౌషధము. అయినను గథ యంతటితోఁ దృప్తి నొందలేదు. మనన్నాన్ తన యుత్తరీయమును ఫాండునకుఁ గూహులినునకు నడుమ విదలించి, వారెన్నఁడును మరలఁ గలియకుండునట్లు చేసెను. పానము గతమును మాత్రమే తుడుచును. మరలఁ జూచినచో ననురాగము క్రొత్తగాఁ బుట్టవచ్చును. కావున నుత్తరీయము భవిష్యత్తునకు రక్ష యని నా యభిప్రాయము. ఫాండు పానముఁ గొనినట్లు మాత్రము కథలో లేదు. స్మృతిభార మామెకే మిగిలినది.

యేట్సు కవి యీ గాథ నాధారముగాఁ గొని 1919లోఁ బ్రకటించిన రూపకమునఁ బానము లేదు. ఎమెర్ భర్తృప్రేమపై నాశ వదలుకొనుటయే యాతనిని బ్రతికించును. ప్రాచీనగాథలోని శాంతి యట్టిది గాదు. అది దుఃఖమును జయించుట గాక, దుఃఖకారణమగు స్మృతిని గోల్పోవుట. విప్రలంభము సమాగమమును బొందక, కరుణమునఁ బరిణమింపక, మఱపుచే నివర్తించు నిట్టి ముగింపు మన లక్షణవిభాగములలో నెచ్చట నిమిడునో పండితులు విచారింపఁదగును.