మొక్కలో ఉన్నది పచ్చదనమే, అదృష్టం కాదు

నాగోల్, ఉప్పల్ ప్రాంతాల అపార్టుమెంట్లలో లక్కీ బాంబూ, మనీప్లాంట్ తరచుగా కనిపిస్తున్నాయి. మన ఇళ్ళూ ఇందుకు మినహాయింపు కావు. అందం కోసం పెంచుకుంటే అభ్యంతరం లేదు. వాటి వల్లే ఐశ్వర్యం వస్తుందని నమ్మితే అది విశ్వాసానికే ముప్పు.

లక్కీ బాంబూ అసలు వెదురే కాదు. ఆఫ్రికాకు చెందిన డ్రసీనా మొక్క. దాని కాడలు నాలుగు ఉండకూడదని ఫెంగ్‌షుయ్ చెబుతుంది. చైనా భాషలో ‘నాలుగు’, ‘మరణం’ అనే మాటలు దాదాపు ఒకేలా ధ్వనించడమే ఇందుకు కారణం. తెలుగు మాట్లాడే ఇంట్లో ఆ భయానికి చోటెక్కడిది? మనీప్లాంట్‌ను దొంగిలించి నాటితేనే కలిసివస్తుందని మరికొందరంటారు. హరామ్‌లో బర్కత్ ఉంటుందా?

దైవప్రవక్త (స) శకునాల నమ్మకాన్ని ఖండించారు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయి. ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అది అతనికి సదఖా అవుతుందని కూడా ఆయనే (స) శుభవార్త ఇచ్చారు.

మనీప్లాంట్ ఆకు నమిలితే పసివారి నోరు మండి వాస్తుంది. దాన్ని వారికి అందకుండా ఉంచండి. బాంబూ నీటిని వారానికోసారైనా మార్చండి, లేకుంటే డెంగీ దోమలు పెరుగుతాయి. మొక్క ఎండితే అరిష్టమని కుంగిపోకండి. నీరు, వెలుతురు సరిచూడండి. బాల్కనీలో పుదీనా, కరివేపాకు పెంచి పొరుగింటికీ పంచండి. అసలైన బర్కత్ అందులోనే ఉంది.